డాబా మీద కోళ్లుండవు: కుండీ కూరగాయలకు మందు లేని కాపలా

(ఆగస్టు 9, ఆదివాసీ దినోత్సవం సందర్భంగా హైదరాబాద్‌లో జరిగిన మన సంఘం యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడిన తీరులోనే ఉంచాం. – సంపాదక వర్గం)

 

నాకంటే ముందు మాట్లాడిన అన్న 1/70 చట్టం గురించి చెప్పాడు. అంతకుముందు అక్క మన పాటల గురించి చెప్పింది. ఇప్పుడు నేను లేచి పేనుబంక గురించి, పిండినల్లి గురించి చెబుతాననేసరికి వెనక వరుసల్లో నవ్వులు వినపడ్డాయి. నవ్వండి, తప్పేం లేదు. కానీ ఒక్క మాట. భూమి పోగొట్టుకున్న వాడికి చట్టం కావాలి. పట్నం వచ్చి భూమికి దూరమైన వాడికి కనీసం ఒక కుండీ కావాలి. ఆ కుండీలో ఏం జరుగుతుందో తెలియాలి. తెలియక నేనేం చేశానో ముందు చెబుతాను. మిగతాది దాని వెనకే వస్తుంది.

మా పెరడు

మాది భద్రాచలం దగ్గర, దుమ్ముగూడెం మండలంలో ఒక చిన్న గూడెం. ఇంటి వెనక పెరడు. పెరట్లో చిక్కుడు పందిరి, దాని పక్కన బీర, సొర, నాలుగు వంగ మొక్కలు, మిరప. చలికాలం మొదలయ్యేసరికి చిక్కుడు తీగ కొసలకు నల్లగా పేనుబంక పట్టేది. మా నాయనమ్మ తెల్లవారుజామునే లేచి, పొయ్యిలోని బూడిద చల్లారిందో లేదో చూసుకుని, చేటలో పోసుకుని పందిరి కిందికి వెళ్లేది. మంచు తడి ఆరకముందే చల్లాలి, తడి మీదే బూడిద అంటుకుంటుంది అనేది. ఎండెక్కాక చల్లితే గాలికి పోతుందట. ఆమెకు చదువు లేదు. కానీ ఏ పని ఎప్పుడు చేయాలో తెలుసు.

బూడిద ఒక్కటే అయితే పెరడు నిలిచేది కాదు. అది నాకు చాలా ఏళ్ల తర్వాత అర్థమైంది. పెరట్లో పది కోళ్లు తిరిగేవి. వంగ మొక్క కింద రాలిన పురుగును అవి బతకనిచ్చేవి కావు. పిట్టలు వచ్చేవి. సాలీళ్లు పందిరంతా వలలు కట్టేవి. తూనీగలు, గొల్లభామలు, కందిరీగలు ఎవరి పని వాళ్లు చేసుకుపోయేవి. మనం కూలి ఇవ్వని పనివాళ్లు వాళ్లంతా. చిక్కుడు కొత్త చేసి దేవరకు పెట్టాకే మేం తినేవాళ్లం. ఆ కాయను కాపాడింది మా నాయనమ్మ ఒక్కతే అనుకునేవాణ్ణి. కాదు, పెద్ద సైన్యమే ఉండేది.

నేను చేసిన తప్పు

ఉద్యోగం వచ్చి వనస్థలిపురంలో మూడో అంతస్తు పైన రెండు గదులు అద్దెకు తీసుకున్నాం. బయటికి వస్తే డాబా. ఓనరుగారు మంచివారు, కుండీలు పెట్టుకోమన్నారు. పెయింటు డబ్బాల్లో బెండ, వంగ, టమాటా వేశాం. మొదటి ఏడాది బాగానే కాశాయి. రెండో ఏడాది బెండ ఆకుల కింద తెల్లదోమ, కొసలకు పేనుబంక. నాయనమ్మ లాగా బూడిద చల్లుదామంటే గ్యాసు పొయ్యిలో బూడిద ఎక్కడిది?

దసరాకు ఊరు వెళ్లినప్పుడు తమ్ముడు పత్తికి కొట్టే మందు సగం సీసా మిగిలి ఉంది. నేనే అడిగి, ఒక కూల్‌డ్రింక్ సీసాలో పోసుకుని తెచ్చాను. కొలత తెలియదు. పత్తికి ఎంతో దానికి కొంచెం ఎక్కువే కలిపి కొట్టాను. సాయంత్రం కొట్టాను, మర్నాడు పొద్దున పురుగు మొత్తం రాలిపోయింది. సంతోషపడ్డాను. మా పాపకు అప్పుడు ఐదేళ్లు. పచ్చి బెండకాయ కొరుక్కుతినడం దానికి ఇష్టం. నేను ఆఫీసుకు వెళ్లాక డాబా మీదికి వెళ్లి రెండు కాయలు కోసుకుని తింది.

మధ్యాహ్నానికి వాంతులు. ఒళ్లంతా చెమట, నోట్లోంచి ఆగని చొంగ. ఆటోలో ఆసుపత్రికి పరిగెత్తాం. డాక్టరుగారు నన్ను అడిగిన మొదటి ప్రశ్న, “ఏ మందు? సీసా తెచ్చారా?” అని. నేను తెచ్చింది కూల్‌డ్రింక్ సీసా. దాని మీద బొమ్మ నారింజ పండుది. తమ్ముడికి ఫోన్ చేస్తే వాడు చేలో ఉన్నాడు, ఎత్తలేదు. వాడు ఎత్తి, ఇంటికి పోయి, పాత సీసా వెతికి పేరు చదివి చెప్పేదాకా గడిచిన ఆ గంటంత పొడవైన గంట నా జీవితంలో మళ్లీ రాలేదు. అది మోనోక్రోటోఫాస్. ఈ మందును కూరగాయల మీద వాడకూడదని 2005లోనే మన దేశంలో నిషేధం పెట్టారు. నేను వాడింది ఆ తర్వాత ఎన్నో ఏళ్లకు. నాకు తెలియదు. డిగ్రీ చదివినవాణ్ణే, తెలియదు.

పాప బతికింది. రెండు రోజులు అక్కడే ఉన్నాం. ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. ఈ ప్రసంగం కాగితాలు టైపు చేసింది అదే. “నాన్నా, నా కథ కూడా చెప్తావా?” అంది. చెప్పనివ్వమ్మా, ఇంకో పాప నీలా కాకుండా ఉంటుంది అన్నాను.

అందుకని మొదటి మాట ఇదే గుర్తుపెట్టుకోండి. మందును ఎప్పుడూ తినే, తాగే సీసాల్లో పోయకూడదు. మీ ఊళ్లలో పత్తి, మిరప వేసే ఇళ్లలో ఇలాంటి సీసాలు చూరు కింద వేలాడుతూ ఉంటాయి. ఈ పండక్కి వెళ్లినప్పుడు వాటిని చూడండి, ఇంట్లో వాళ్లతో మాట్లాడండి. అసలు డబ్బా మీద నలుచదరం గుర్తు ఉంటుంది. అందులో ఒక సగానికి రంగు వేసి ఉంటుంది. ఎరుపు అంటే అత్యంత విషం, పసుపు అంటే తీవ్ర విషం, ఆ తర్వాత నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ ఉన్నంత మాత్రాన తాగడానికి పనికొస్తుందని కాదు, విషం తక్కువ అని మాత్రమే. అక్షరం రాని వాళ్లకు కూడా అర్థం కావాలని పెట్టిన గుర్తు అది. మన ఇళ్లలో ఎంతమందికి చెప్పాం?

కోడి చూపు

ఆసుపత్రి నుంచి వచ్చాక అన్ని కుండీలూ ఖాళీ చేసేశాను. ఏడాదిపాటు డాబా ఎక్కలేదు. మళ్లీ మొదలుపెట్టినప్పుడు ఒక ప్రశ్న వేసుకున్నాను. ఊళ్లో ఏ మందూ లేకుండా కాసిన కూర ఇక్కడ ఎందుకు కాయదు? విత్తనం అదే, ఎండ అదే.

జవాబు తేలికే. డాబా మీద కోళ్లుండవు. మూడంతస్తుల సిమెంటు పైన సాలీడు లేదు, కందిరీగ లేదు. పేనుబంక మాత్రం గాలికి ఎగిరి వస్తుంది, నర్సరీ నారుతో వస్తుంది. దొంగలు వచ్చారు, కాపలా వాళ్లు ఇంకా రాలేదు. కాబట్టి వాళ్లు వచ్చేదాకా ఆ కాపలా మనమే కాయాలి. కోడి ఎలా చూస్తుంది? తల పక్కకు వంచి, ఆకు కిందికి చూస్తుంది. రోజూ చూస్తుంది. నేను నేర్చుకున్న సేంద్రియ పద్ధతి మొత్తం ఇదే. రోజూ పొద్దున పది నిమిషాలు, ఆకు తిప్పి అడుగున చూడటం. మిగతా కషాయాలన్నీ ఆ తర్వాతే.

ఎందుకు రోజూ అంటే, పేనుబంక లెక్క వేరు. ఆడ పేను మగదానితో పని లేకుండానే పిల్లల్ని కంటుంది. ఆ పిల్ల వారం పది రోజుల్లో తల్లి అవుతుంది. సోమవారం పది చూసి “తర్వాత చూద్దాంలే” అనుకుంటే పై సోమవారానికి తీగ కనపడదు. పదిగా ఉన్నప్పుడు వేలితో నలిపేస్తే అయిపోయే పనికి, వెయ్యి అయ్యాక మందు కావాలనిపిస్తుంది.

ఎవరు తింటున్నారో ముందు తెలుసుకోండి

“అన్నా, మొక్క ముడుచుకుపోతోంది, ఏం కొట్టాలి?” అని నాకు ఫోన్లు వస్తాయి. ఏం కొట్టాలి అని కాదు, ఎవరు వచ్చారు అని అడగాలి. గుర్తులు చెబుతాను, ఫోనులో రాసుకోండి.

మిరప ఆకు పైకి, పడవలాగా ముడుచుకుంటే అది తామర పురుగు పని. కిందికి, బోర్లించిన దొన్నెలాగా ముడుచుకుంటే నల్లి పని. మన రైతులు పై ముడత, కింది ముడత అంటారు. 2021లో ఖమ్మం, వరంగల్, గుంటూరు మిరప తోటల్ని నాశనం చేసింది కొత్తగా వచ్చిన ఒక రకం తామర పురుగే. కొన్ని రకాల నల్లి ఎండాకాలం, నీళ్లు తక్కువైనప్పుడు పెరుగుతుంది. డాబా సిమెంటు వేడికి ఇంకా పెరుగుతుంది. ఆకుల అడుగున రోజూ నీళ్లు చిలకరిస్తే, ఎండకు ఒక పచ్చ నీడవల కడితే సగం తగ్గుతుంది.

ఆకు మీద పాము పాకినట్టు తెల్ల గీతలుంటే ఆకు తొలిచే పురుగు. అది ఆకు పొరల మధ్య ఉంటుంది, పైన ఏం కొట్టినా అందదు. ఆ ఆకు తెంపి పారేయండి.

వంగ కొస మాత్రం వాలిపోయి, మిగతా మొక్క బాగుంటే లోపల కొమ్మ తొలిచే పురుగు ఉంది. నీళ్లు చాలలేదనుకుని ఇంకా పోస్తారు. అది కాదు. వాలిన చోటికి రెండంగుళాల కింద తుంచి, చీల్చి చూడండి, గులాబీ రంగు పురుగు కనపడుతుంది. ఆ తునకను కవర్లో కట్టి ఎండలో పెట్టండి. తుంచి డాబా మూలన వేస్తే అది మళ్లీ రెక్కలొచ్చి వస్తుంది. ఈ పురుగు లోపల ఉన్నాక ఏ మందూ సరిగా అందదు. అందుకే పొలాల్లో వంగకు అన్నిసార్లు మందు కొడతారు. మీరు బజార్లో కొనే నిగనిగలాడే వంకాయ వెనక కథ ఇది.

తెల్లగా దూది అంటించినట్టు కొమ్మ సందుల్లో ఉంటే పిండినల్లి. పాత టూత్‌బ్రష్ సబ్బు నీళ్లలో ముంచి రుద్దేయండి. మొక్క కదిపితే తెల్లటి పొడి ఎగిరినట్టు లేస్తే తెల్లదోమ. ఇది ఆకు రసం తాగి ఊరుకోదు. బెండకు పల్లాకు తెగులును, టమాటాకు ఆకుముడతను మోసుకొస్తుంది. బెండ ఆకు ఈనెలు పసుపుపచ్చగా వల అల్లినట్టు కనపడితే ఆ మొక్కకు ఇక వైద్యం లేదు. పీకేయండి. మనసు ఒప్పదు, తెలుసు. నేను ఒకసారి జాలిపడి ఉంచుకున్నాను. నెలలో అన్ని బెండలకూ అంటింది.

బీర, కాకర పిందె వంకర తిరిగి కుళ్లితే పండు ఈగ గుడ్డు పెట్టిందని. పిందె కట్టగానే దానికి కాగితం సంచి గానీ, పాత పలుచటి గుడ్డ సంచి గానీ తొడిగి దారం కట్టేయండి. మందు అవసరమే లేదు.

మన వాళ్లను మనమే చంపుకోవద్దు

రెండోసారి మొదలుపెట్టినప్పుడు నేను చేసిన ఇంకో తప్పు చెబుతాను. చిక్కుడు మీద పేనుబంక మధ్యలో నల్లగా, మొసలి పిల్లలాగా, వీపు మీద నారింజ రంగు మచ్చలతో పురుగులు పాకుతుంటే అవే తింటున్నాయనుకుని అన్నిటినీ నలిపేశాను. వారం తర్వాత పేనుబంక రెట్టింపు అయింది. అవి అక్షింతల పురుగు పిల్లలు. ఒక్కో పిల్ల పెరిగేలోగా వందల పేనుల్ని తింటుంది. వచ్చిన కోళ్లను నేనే చంపుకున్నాను.

అక్షింతల పురుగును చిన్నప్పుడు అందరం చేతి మీద పాకించుకున్నాం. ఎర్రగా నున్నగా మెరుస్తుంది. వంగ మీద మాత్రం దానిలాంటిదే ఇంకొకటి వస్తుంది. మెరుపు లేకుండా మసకగా, ఒంటి మీద ఎన్నో మచ్చలతో ఉంటుంది. అది ఆకును జల్లెడలాగా గీకి తింటుంది. దాని పిల్లలు పసుపుపచ్చగా, ముళ్లముళ్లుగా ఉంటాయి. ఈ పెంకు పురుగును మాత్రం ఏరేయాల్సిందే. చూపు అంటే ఇదే. చుట్టాన్నీ దొంగనూ ఒకే కర్రతో కొట్టకూడదు.

ఇంకొకటి. పేనుబంకలో కొన్ని ఉబ్బి, గోధుమ రంగులో ఎండిపోయి అతుక్కుని ఉంటాయి. వాటిలో చిన్న కందిరీగ పిల్ల పెరుగుతోంది. ఆ ఆకు తెంపకండి. కందిరీగ బయటికొచ్చి మిగతా వాటి పని పడుతుంది. వీళ్లందరూ రావాలంటే పూలుండాలి. రెండు కుండీల్లో బంతి, ఒక కుండీలో కొత్తిమీర పూతకు వదిలేయండి. ఖర్చు లేని కూలి అది.

చీమల సంగతి మర్చిపోవద్దు. తీగ మీద చీమలు బారులు కట్టాయంటే పైన పేనుబంకో పిండినల్లో ఉన్నట్టే. అవి కార్చే తీపి కోసం చీమలు వాటిని పశువుల్లా కాస్తాయి, అక్షింతల పురుగును తరిమేస్తాయి. కుండీని ఇటుకల మీద పెట్టి, చీమలు ఎక్కే దారి ఎక్కడుందో చూసి దాన్ని తెంచండి. స్టాండు కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెడితే వారానికి రెండుసార్లు నీళ్లు మార్చండి, లేకపోతే దోమలు పెరుగుతాయి.

పురుగు రాకముందు

మొక్క బలంగా ఉంటే పురుగు రాదని చెప్పను, వస్తుంది. కానీ తట్టుకుంటుంది. కుండీలో వేరుకు పారిపోయే చోటు లేదు. మనం పెట్టిందే తినాలి. వంగకు, టమాటాకు కనీసం పన్నెండు అంగుళాల కుండీ, చిక్కుడుకు ఇంకా పెద్దది కావాలి. అడుగున రంధ్రాలు తప్పనిసరి. ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు లేదా వర్మీకంపోస్టు, కొంచెం కొబ్బరి పొట్టు. యూరియా వేస్తే ఆకు నవనవలాడుతుంది. ఆ లేత ఆకే పేనుబంకకు విందు. కుండీలు ఒకదానికొకటి ఆనించి పెట్టకండి, గాలి ఆడాలి. నర్సరీ నారు తెచ్చిన రోజే మిగతా వాటిలో కలపకండి. వారం రోజులు వేరే మూలన ఉంచి, ఆకు అడుగున చూసి అప్పుడు కలపండి. మా డాబా మీదికి పిండినల్లి అలాగే వచ్చింది, ఒక మందార మొక్కతో.

మెట్లు ఎక్కినట్టు వెళ్లాలి

పురుగు కనపడింది, ఎవరో తెలిసింది. ఇప్పుడు ఏం చేయాలి? మెట్టు మెట్టుగా వెళ్లండి.

మొదటి మెట్టు చెయ్యి. ఏరడం, నలపడం, తుంచడం. ఆకు అడుగున గుడ్ల కుప్ప ఉంటే ఆ ఆకు మొత్తం తీసేయండి. కుండీల్లో పది మొక్కలుంటాయి. పదెకరాలు కాదు, చేతికి అందే పనే.

రెండో మెట్టు నీళ్లు. పేనుబంకను పైపుతోనో, సీసా మూతకు చిల్లులు పెట్టిన చిమ్ముడుతోనో గట్టిగా కడగండి. ఆకు అడుగున తగలాలి. మూడు రోజులు వరుసగా కడిగితే సగం పోతుంది. పొద్దున చేయండి, రాత్రికి ఆకు తడిగా ఉంటే బూజు తెగుళ్లు వస్తాయి.

మూడో మెట్టు పసుపు అట్ట. పసుపు రంగు వేసిన అట్టకో ప్లాస్టిక్ పళ్లేనికో ఆముదం పూసి మొక్క ఎత్తులో వేలాడదీయండి. తెల్లదోమ అంటుకుంటుంది. తామర పురుగుకు నీలం రంగు. ఒకటి రెండు చాలు. ఎక్కువ కడితే మన వాళ్లు కూడా అంటుకుంటారు.

నాలుగో మెట్టు సబ్బు నీళ్లు. లీటరు నీళ్లకు ఒక చెంచా, అంటే ఐదు మిల్లీలీటర్లు మించకుండా ద్రవ సబ్బు. కుంకుడుకాయ రసమైతే ఇంకా మంచిది. బట్టల సోడా పొడి వద్దు, ఆకు మాడుతుంది. ఇది పురుగు ఒంటికి తడిగా తగిలితేనే పనిచేస్తుంది. ఆరాక ఏమీ చేయదు. కాబట్టి ఆకు అడుగున తడిసేలా కొట్టాలి. రెండు మూడు గంటల తర్వాత మంచి నీళ్లతో కడిగేయండి.

ఐదో మెట్టు వేప. లీటరు నీళ్లకు ఐదు మిల్లీలీటర్ల వేపనూనె. నూనె నీళ్లలో కలవదు. ముందు నూనెలో అర చెంచా లోపు సబ్బు ద్రావణం వేసి, పాలలాగా తెల్లబడేదాకా కలిపి, అప్పుడు కొద్దికొద్దిగా నీళ్లు పోయండి. ఊరి నుంచి వేప గింజలు తెచ్చుకోగలిగితే ఇంకా మేలు. లీటరుకు యాభై గ్రాముల గింజల పొడి గుడ్డలో మూటకట్టి రాత్రంతా నానబెట్టి, పొద్దున పిండి వడకట్టి, చిటికెడు సబ్బు కలిపి ఆ సాయంత్రమే కొట్టేయండి. సాయంత్రమే ఎందుకు? వేపలో పనిచేసే గుణం ఎండకు పోతుంది. తేనెటీగలు కూడా అప్పుడు పూల మీద ఉండవు. వేప వెంటనే చంపదు. పురుగు తిండి మానేస్తుంది, పెరగదు. కాబట్టి మర్నాడు పొద్దున్నే “పని చేయలేదు” అని ఇంకో డోసు కొట్టకండి. వారం ఆగండి. ఏది కొట్టినా ముందు ఒక్క ఆకు మీద కొట్టి ఒక రోజు చూడండి.

నాటు మందు కూడా మందే

ఈ మాట కొంతమందికి నచ్చదు. చెట్టు నుంచి వచ్చిందైతే ప్రమాదం లేదనుకుంటారు. పొగాకు కషాయం చెట్టు నుంచి వచ్చిందే. అందులోని నికోటిన్ మనిషికీ విషమే. ఆకుకూరల మీద, పచ్చిగా తినే కాయల మీద నేను దాన్ని వాడను, మిమ్మల్నీ వాడొద్దంటాను. పచ్చిమిర్చి, వెల్లుల్లి కషాయం చేసేటప్పుడు కళ్లకు, ముక్కుకు గుడ్డ కట్టుకోండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. చేసిన ప్రతి సీసా మీద పేరు, తేదీ రాసి అంటించండి. నేను ఎందుకు చెబుతున్నానో మీకు తెలుసు.

మా నాయనమ్మ బూడిద కూడా అంతే. పెరటి నేల పెద్దది, ఎంత చల్లినా వానకు సర్దుకుంటుంది. కుండీలో మట్టి తక్కువ. వారం వారం బూడిద పోస్తే మట్టిలో క్షారం పెరిగి మొక్క పాలిపోతుంది. కట్టెల బూడిద దొరికితే పలుచటి గుడ్డలో కట్టి, మంచు తడి మీద ఆకులకు మాత్రం దులపండి, నెలకు ఒకసారి చాలు. బొగ్గులో, కాగితాలో, ప్లాస్టిక్కో కాల్చిన బూడిద వద్దు. పెద్దల జ్ఞానాన్ని గౌరవించడమంటే అది ఏ నేల మీద పుట్టిందో కూడా గుర్తుపెట్టుకోవడం.

మన జ్ఞానం మన చేతిలో

ఇదంతా కొత్త సంగతేం కాదు. పాత ఖమ్మం జిల్లాలో, పాల్వంచ దగ్గర పునుకుల అనే ఊరు ఉంది. పత్తి మందుల అప్పులతో, ఆసుపత్రులతో విసిగి, 2000 తర్వాతి తొలి ఏళ్లలోనే ఊరు ఊరంతా పురుగుమందులు మానేసింది. వేప, మిర్చి, వెల్లుల్లి, జిగురు అట్టలతోనే పత్తి తీశారు. వరంగల్ వైపు ఎనబావి రైతులూ అదే దారి పట్టారు. పొలంలో చేయగలిగింది పది కుండీల్లో చేయలేమా?

ఇంకో సంగతి. వేపనూనెతో మొక్కల బూజు తెగుళ్లను ఆపే పద్ధతి మీద అమెరికా వ్యవసాయ శాఖకు, అక్కడి ఒక కంపెనీకి 1994లో యూరప్‌లో పేటెంటు ఇచ్చారు. మన ఊళ్లలో ఎప్పటి నుంచో ఉన్న పని అది. మన దేశం వాళ్లు వెళ్లి వాదిస్తే 2000లో రద్దు చేశారు. అప్పీలు కూడా 2005లో కొట్టేశారు. గెలిచాం. కానీ గెలవడానికి ఈ వాడకం ముందు నుంచీ ఉందని రుజువు చూపాల్సి వచ్చింది. మా నాయనమ్మ లాంటి వాళ్ల దగ్గర రుజువు కాగితం ఉండదు. మీ చేతిలో ఫోన్లున్నాయి. ఈసారి ఊరు వెళ్లినప్పుడు మీ నాయనమ్మను, అమ్మమ్మను ఒక్క ప్రశ్న అడగండి. చిక్కుడుకు పేను పడితే ఏం చేసేదానివి? ఎప్పుడు, ఎందుకు? ఆమె చెప్పింది ఆమె మాటల్లోనే, మన భాషలోనే రికార్డు చేయండి.

చివరగా ఒక పని

అశోక్‌నగర్ గదిలో గ్రూప్స్‌కు చదివే తమ్ముడు ఇందాక అడిగాడు. “అన్నా, నాకు డాబా లేదు, కిటికీ ఒక్కటే ఉంది, నేనేం పెట్టను?” కిటికీకి ఎండ వస్తే కొత్తిమీర, మెంతికూర, రెండు మిరపలు పెట్టు తమ్ముడూ. పుస్తకం మూసి కళ్లకు విశ్రాంతి ఇచ్చే ఆ పది నిమిషాలూ ఆకు తిప్పి చూడు. చాలు.

తలుపు దగ్గర బల్ల మీద చిన్న కాగితం పొట్లాలున్నాయి. ఒక్కో దాంట్లో ఐదు చిక్కుడు గింజలు. మా పెరటి పందిరివే, నాయనమ్మ పోయినా ఆ తీగ పోలేదు. శ్రావణంలో వేస్తే చలికాలానికి కాస్తుంది. సరిగ్గా అప్పుడే పేనుబంక వస్తుంది. భయపడకండి. వచ్చిన రోజు నాకు ఫోటో పంపండి. “ఏం కొట్టాలి?” అని మాత్రం అడగొద్దు. “అన్నా, ఆకు అడుగున ఇది చూశాను, ఇది ఎవరు?” అని అడగండి.

కాసిన కాయల్లో మొదటి గుత్తి తినకుండా తీగ మీదే ఎండనివ్వండి. వచ్చే ఏడు ఇదే రోజు ఇక్కడికి పిడికెడు గింజలు తిరిగి తీసుకురండి. అదే నాకు మీరిచ్చే సన్మానం. శాలువాలు వద్దు.

 జై ఆదివాసీ!